రోడ్డులో వదిలిన సందులు

రాళ్లవాగు తండా,
20-11-2005

చెల్లె హైమకు,

యాడి మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. మోకాలు కూడా బాగానే ఉందని యాడి అంటుంది, కానీ అమ్మ సంగతి నీకు తెలుసు కదా, కూర్చున్నప్పుడే అంటుంది. మీ వదిన కమ్లికి నీ మీద కోపంగా ఉంది. తీజ్ పండక్కి రానందుకు కాదట, రానని ముందుగా చెప్పనందుకట. నాలుగు రొట్టెలు ఎక్కువ చేసిందని ఇప్పటికీ అంటోంది.

అసలు సంగతికి వస్తాను. మన తండాకు సిమెంటు రోడ్డు మంజూరైంది. వాగు కల్వర్టు దగ్గర మొదలై పంచాయతీ ఆఫీసు అరుగు దాకా నూట ఇరవై మీటర్లు. దానితో పాటు పక్కనున్న రెండు సందులు కూడా. వానలు పడ్డాక ఎలక్షన్లు ఉన్నాయి కదా, పోయినసారి నా మీద ఓడిపోయిన దేవ్లా ఇప్పటి నుంచే ఇంటింటికీ తిరుగుతున్నాడు. రోడ్డు బాగా పడితే వాడి తిరుగుడు వృథా అవుతుంది, చెడితే నా సర్పంచ్‌గిరీ పోతుంది. అందుకే భయంగా ఉంది.

ఇంజనీరు వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. అంతా ఇంగ్లీషు. ఏముందని అడిగితే "అండ్ల అన్నీ ఉన్నయ్, చదువుకో" అని బండెక్కి పోయాడు. నేను పదో తరగతి దాకా వెళ్ళాను కానీ దాన్ని దాటలేదని నీకు తెలుసు. నువ్వు ఎర్రుపాలెంలో అదే పదో తరగతికి సైన్సు చెబుతున్నావు. రోడ్డు వేసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలో రెండు ముక్కలు రాయి. ఫోన్ చేద్దామంటే టేకులపల్లి దాకా పోవాలి, పోయినా మీ స్కూల్లో ఎత్తేవాళ్ళు ఉండరు.

మీ అన్న,
చందూలాల్, సర్పంచ్
(సర్పంచ్ అని చేతికి అలవాటై పడింది, ఏమనుకోకు.)


ఎర్రుపాలెం,
2-12-2005

అన్నా,

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతూ రాస్తున్నాను. తొందరలో ఉన్నాను కనుక ముఖ్యమైనది ఒక్కటే చెబుతాను. రోడ్డు వేసేటప్పుడు మధ్య మధ్య సందులు వదిలెయ్యి. సందులు లేకుండా మొత్తం పరిచేస్తే ఎండాకాలంలో ఇబ్బంది పడతారు. ఇది మాత్రం మర్చిపోకు. మిగతాది మేస్త్రీలకు తెలుస్తుంది.

వదినకు చెప్పు, ఆ నాలుగు రొట్టెలు నా లెక్కలో రాసుకోమని. యాడి మోకాలికి నువ్వుల నూనె కాచి రాయండి.

నీ చెల్లెలు,
హైమ


రాళ్లవాగు తండా,
18-12-2005

హైమా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే రెండు సందులూ వదిలేశాను. అమావాస్య దాటాక పెద్ద రోడ్డు మాత్రమే వేస్తామని మొన్న చాటింపు వేయించాను. వేయించిన గంటలోనే దేవ్లా వాళ్ళ సందు మొత్తం మన గుమ్మం ముందుకు వచ్చింది.

"ఏంది సర్పంచ్, సందులల్ల ఉండేటోళ్ళు మనుషులు కాదా? వానకాలం బురదల మేమే దిగాల్నా?" అని దేవ్లా.

"సైన్సు ప్రకారం సందులు వదలాలె. మా చెల్లె రాసింది" అన్నాను.

"మీ చెల్లె ఏ సందుల పుట్టింది? నీ ఇంటి ముందటి రోడ్డు సైన్సుకు అడ్డం రాలే, మా సందు వచ్చిందా?"

రెండో సందులో ఎవరున్నారో నీకు గుర్తుందా? మన మేనమామ. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే పక్కనున్న గేదెతో మాట్లాడుతున్నాడు. సందుల్లో సిమెంటు వేస్తే ఎండాకాలంలో ఏం ఇబ్బందో కాస్త వివరంగా రాయి, చదివి వినిపిస్తాను.

అన్న చందూలాల్


ఎర్రుపాలెం,
27-12-2005

అన్నా, అన్నా,

ఎంత పని చేశావు! నేను చెప్పింది మనుషులు నడిచే సందుల గురించి కాదు. రోడ్డులోనే, సిమెంటు పలకకూ పలకకూ నడుమ ఉండాల్సిన సందు. ఎడం. నెర్రె. ఇంకే మాట వాడితే తెలుస్తుందో నాకు తెలియడం లేదు. ముందు వెళ్ళి మేనమామ కాళ్ళు పట్టుకో.

ఇప్పుడు నెమ్మదిగా చదువు. ఏ వస్తువైనా వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. కమ్మరి పగిడయ్య బండి చక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కిస్తాడో చిన్నప్పుడు మనం చూశాం. చల్లగా ఉన్నప్పుడు పట్టా చక్రానికి చాలదు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే సాగి చక్రం మీదికి జారుతుంది. నీళ్ళు పొయ్యగానే బిగుసుకుంటుంది. సిమెంటూ అంతే, మన కంటికి కనబడదు గాని. నువ్వు చలికాలం పొద్దున పోసిన నూట ఇరవై మీటర్ల రోడ్డు మే నెల మధ్యాహ్నానికి రెండు వేళ్ళ వెడల్పు పొడుగవుతుంది. ఒక చివర కల్వర్టు, రెండో చివర ఆఫీసు అరుగు. రెండూ జరగవు. మరి ఆ రెండు వేళ్ళూ ఎక్కడికి పోవాలి?

అందుకని పది మీటర్లకొక చోట చిటికెన వేలు పట్టేంత సందు వదులు. అందులో ఇసుక పోసి పైన తారు పొయ్యి. సిమెంటు మాత్రం పొయ్యకు. రైలు పట్టాల నడుమ సందులెందుకు అన్న ప్రశ్న పరీక్షలో నాలుగు మార్కులకు వస్తుంది. మా పిల్లలందరూ రాస్తారు. నువ్వు కూడా ఆ ఏడాది రాసే ఉంటావు.

నీ తలనొప్పి చెల్లెలు,
హైమ


రాళ్లవాగు తండా,
6-2-2006

హైమకు,

ఆ ప్రశ్న నేను వదిలేశాను. పాత సంగతులు ఇప్పుడెందుకు?

పెద్ద రోడ్డు, రెండు సందులు, అంతా వేయించాను. నువ్వన్నట్టు సందులూ పెట్టించాను. (రోడ్డులో సందులు. ఈసారి తప్పు లేదు.) మేనమామ గేదెను వదిలి నాతో మాట్లాడుతున్నాడు. ఇక సుఖమే అనుకున్నాను.

సంక్రాంతి పోయిన వారానికి దేవ్లా రోడ్డు మీద గొంతుక్కూర్చుని సందులో వేలు పెట్టాడు. వేలు పట్టింది. పట్టేలా పెట్టమన్నది నువ్వే. ఆ వేలు పైకెత్తి "చూడుర్రి, గీడ ఉండాల్సిన సిమెంటు యాడ పోయింది? సర్పంచ్ ఇంటికి పోయింది" అన్నాడు. అప్పటి నుంచి తండాలో ప్రతివాడూ వేలు పెట్టి చూస్తున్నాడు. కట్టెల మోపు దించి కొందరు, పెళ్ళికి వచ్చిన చుట్టాలు కొందరు. ఎండకు సాగుతుందని చెప్పాను. "సిమెంటు సాగుతదా? జీళ్ళ పాకమా?" అని నవ్వారు. నీళ్ళ బోరు దగ్గర ఆడవాళ్ళు కమ్లిని "మీ ఇంట్ల కొత్త గచ్చు ఏసిన్రటగా" అని అడిగారట. మన ఇంట్లో ఇప్పటికీ మట్టి అలుకే ఉందని అందరికీ తెలుసు. అయినా అడిగారు. కమ్లి రెండు రోజులు బోరుకు పోలేదు.

దేవ్లా మండలానికి అర్జీ పెట్టాడు. వచ్చే వారం శుక్రవారం ఆఫీసరు చూడటానికి వస్తున్నాడు. బుధవారం సందుల్లో తారు పీకించి సిమెంటుతో నింపించెయ్యాలనుకుంటున్నాను. తప్పో ఒప్పో వెంటనే రాయి.

చందూలాల్


ఎర్రుపాలెం,
9-2-2006

అన్నా,

నింపకు. దండం పెడతాను, నింపకు.

నువ్వు ఆ సందులు పూడ్చావంటే మే నెలలో మీ రోడ్డు పేలుతుంది. రాసి పెట్టుకో. మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా మండే రోజు చూసి పేలుతుంది. ఆ సమయంలో దాని మీద ఎవరూ లేకుండా చూసుకో, యాడిని అసలే రానివ్వకు.

ఒక మాట అడుగుతాను. దొంగతనం చెయ్యనప్పుడు వేళ్ళకు భయపడటం ఎందుకు? పెట్టుకునేవాళ్ళను పెట్టుకోనీ.

ఇది చదివి చింపేయకు, దాచుకో.

హైమ


రాళ్లవాగు తండా,
15-3-2006

హైమకు,

నీ ఉత్తరం నెల రోజులు కిరాణా కొట్టులో చక్కెర డబ్బా కింద ఉంది. పోస్టుమన్ అక్కడ ఇచ్చి పోయాడు, వాళ్ళు మర్చిపోయారు. ఆలోపు సందులు నింపడం, ఆఫీసరు రావడం అన్నీ అయిపోయాయి. ఆయన రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి "అద్దం లెక్క ఉంది" అన్నాడు. దేవ్లా ముఖం చూడాల్సింది. తండా అంతా సంతోషించింది. యాడి ఇప్పుడు మిరపకాయలు రోడ్డు మీదే ఆరబోస్తోంది. అరుగు కన్నా జల్దీ ఆరుతున్నాయంటుంది.

తోడబుట్టినదానివి. రోడ్డు వేసినందుకు బాగుందని ఒక్క మాట రాయకపోయినా ఫర్వాలేదు. పేలుతుందని శాపం పెట్టకుండా ఉండాల్సింది.

చందూలాల్


ఎర్రుపాలెం,
24-3-2006

అన్నకు,

రోడ్డు బాగుంది. ఇక దాని గురించి రాయను.

యాడిని మిరపకాయలు అరుగు మీదే ఆరబోయమను.

హైమ


రాళ్లవాగు తండా,
11-5-2006

హైమా,

పేలింది.

నిన్న మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. యాడి అప్పుడే మిరపకాయలు కలియబెట్టి నీళ్ళు తాగడానికి లోపలికి వచ్చింది. ఫిరంగి పేల్చినట్టు ఒక్క చప్పుడు. బయటికి ఉరికి చూస్తే నడి రోడ్డు మీద రెండు పలకలు ఒకదానికొకటి తల ఆనించి గుడిసె కప్పులా నిలబడ్డాయి. మిరపకాయలు ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. యాడి ఇంకొక చెంబు నీళ్ళు తాగింది.

మన అడవి సంగతి నీకు తెలుసు. ఇక్కడ చప్పుడైతే ఎండ గురించి ఎవరూ ఆలోచించరు. సాయంత్రానికి రెండు జీపుల్లో పోలీసులు దిగారు. మిరప ఘాటుకు తుమ్ముతూ మందుపాతర వైర్ల కోసం తవ్వారు. ఎవరి మీద అనుమానమని అడిగారు. నేనేమీ చెప్పలేదు. కానీ దేవ్లా పోయిన వారమే టీ కొట్టు దగ్గర "ఎలక్షన్ల లోపు ఈ రోడ్డును లేపకపోతె నా పేరు దేవ్లా కాదు" అన్నాడట. రోడ్డు గొడవ మళ్ళీ లేపుతానని వాడి ఉద్దేశం. నిజంగానే రోడ్డు లేచింది. వాణ్ణి జీపులో ఎక్కించుకుపోయారు.

"మనకేంది? వాని నోరే వాన్ని పట్టిచ్చింది" అంది కమ్లి. నిజం చెబుతున్నాను, నాకూ మొదట అలాగే అనిపించింది. ఎలక్షన్ల ముందు ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఈ పొద్దున దేవ్లా భార్య గోరి వచ్చి మన గుమ్మం ముందు నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు, ఏమీ అడగలేదు. ఊరికే నిలబడింది. కమ్లి నీళ్ళిస్తే తాగింది, మళ్ళీ నిలబడింది.

రేపు స్టేషన్‌కు పోతున్నాను. సందులు పూడ్చింది నేనేనని, పేలింది ఎండకేనని చెబుతాను. నా మాట నమ్మకపోతే చూపించడానికి నీ ఉత్తరం ఉంది. దాచుకోమని మంచి పని చేశావు.

అన్న


ఎర్రుపాలెం,
16-5-2006

అన్నా,

ఏ ఉత్తరం చూపించావు వాళ్ళకు?

మొన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు స్కూలుకు వచ్చారు. సెలవులే అయినా సప్లిమెంటరీ క్లాసులు జరుగుతున్నాయి. హెడ్ మాస్టారి ముందు కూర్చోబెట్టి ఫిబ్రవరిలో నేను రాసిన ఉత్తరం జిరాక్సు చదివారు. "‘మే నెలలో మీ రోడ్డు పేలుతుంది. ఆ సమయంలో దాని మీద ఎవరూ లేకుండా చూసుకో.’ మూడు నెలల ముందే మీకెట్ల తెలుసు మేడం?" అని అడిగారు. సైన్సు అన్నాను. "ఏ సైన్సు? ఎవరు నేర్పిన్రు?" అన్నారు. హెడ్ మాస్టారు తన కుర్చీ నా నుంచి కాస్త దూరం జరుపుకున్నారు.

చివరికి ల్యాబ్‌కు తీసుకెళ్ళి ఇత్తడి గుండు, వలయం తీశాను. చల్లగా ఉన్నప్పుడు గుండు వలయంలో దూరింది. దీపం మీద కాల్చాక దూరలేదు. చల్లారాక మళ్ళీ దూరింది. పెద్ద కానిస్టేబుల్ రెండుసార్లు తన చేత్తో చేసి చూసుకుని "ఇది మాకు టెన్త్‌ల ఉండె మేడం, రైలు పట్టాల ప్రశ్న. నాలుగు మార్కులు" అన్నాడు. రాశారా అని అడిగాను. వదిలేశానన్నాడు.

రిపోర్టు పంపుతామన్నారు. ఎప్పుడో చెప్పలేదు. నువ్వెక్కడున్నావు? దేవ్లాను వదిలారా? రాసే వీలుంటే రాయి.

హైమ


రాళ్లవాగు తండా,
25-5-2006

హైమా,

కంగారు పడకు, ఇంట్లోనే ఉన్నాను. జరిగింది మొత్తం రాస్తాను.

స్టేషన్‌లో ఎస్సై నా మాట సగం విన్నాడు. ఎండకు రోడ్డు పేలిందంటే నవ్వాడు. నీ ఉత్తరం ఇచ్చాను. చదివాక నవ్వడం ఆపేశాడు. రెండోసారి పైకి చదివాడు. తర్వాత నా సెల్లు, బెల్టు బల్ల మీద పెట్టించి దేవ్లా ఉన్న గదిలోకే పంపాడు. సిగ్నల్ లేని సెల్లు కూడా తీసుకున్నారు.

దేవ్లా నన్ను చూసి "విడిపియ్యనీకె వచ్చినవా, తోడు వచ్చినవా?" అన్నాడు.

రెండు రోజులు ఒకే గదిలో ఉన్నాం. అయిదేళ్ళలో మేం అంతసేపు మాట్లాడుకోలేదు. వాళ్ళ రెండో అమ్మాయి ఇంటర్ పాసైందని నాకు అక్కడే తెలిసింది. గోరి సద్దన్నం తెస్తే ఇద్దరం తిన్నాం, కమ్లి రొట్టెలు తెస్తే ఇద్దరం తిన్నాం. రెండో రోజు మధ్యాహ్నం రోడ్డు మాట నేనే ఎత్తాను. "దేవ్లా, సందులు పూడ్చి తప్పు చేసిన. ఎండకు సిమెంటు సాగుతదని నీకు తెల్వక అర్జీ పెట్టినవ్. తెలిసి భయపడ్డది నేను" అన్నాను.

వాడు గోడ మీది సున్నం గోటితో గీకాడు. తర్వాత "నాకు తెల్వకేంది? డోర్నకల్ లైన్ల మూడేండ్లు పట్టాల కూలికి పోయిన. సందులెందుకో నాకు మంచిగ ఎర్క" అన్నాడు.

నేను లేచి కూర్చున్నాను. "మరి వేలెందుకు పెట్టినవ్‌రా?"

"నువ్వు సర్పంచ్‌వి గదా" అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు. "నువ్వు పూడుస్తవని నేననుకోలే. గట్టిగ నిలబడతవనుకున్న."

కోపంతో కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి లేచింది గాని, ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది.

మమ్మల్ని విడిపించింది కమ్మరి పగిడయ్య. డెబ్బై దాటిన మనిషి. కమ్లి వెళ్ళి చెబితే బండి మీద ఒక చక్రం, ఒక పట్టా, పిడకలు వేసుకుని స్టేషన్ ముందు దిగాడు. వేప చెట్టు కింద మంట పెట్టాడు. సెంట్రీ వద్దంటే "పేలుడు ఎట్లయిందో సారుకు చూపెడత, మంచిది కాదా?" అన్నాడు. ఎస్సై బయటికి వచ్చాడు. పట్టా చల్లగా ఉన్నప్పుడు చక్రానికి ఎక్కలేదు. కానిస్టేబుళ్ళు కూడా తొక్కి చూశారు. కాల్చాక పటకారుతో పట్టి పెడితే దిగింది. బిందెడు నీళ్ళు పోస్తే కట్టె కిర్రుమంది.

ఎస్సై ముఖం మారిపోయింది. "మా నాయిన బండికి గిట్లనే ఏసేటోళ్ళు. నీళ్ళు నేనే పోసేటోన్ని" అన్నాడు. వెంటనే "ఈ ముచ్చట ముందుగల్ల చెప్పరేంది?" అని మమ్మల్నే కసిరాడు.

"మొన్నటి సంది గదే చెప్తున్నం సార్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

సంతకాలు పెట్టించుకుని వదిలేశాడు. నీ దగ్గరికి పంపిన వాళ్ళ రిపోర్టు మేం ఇంటికి వచ్చిన నాలుగో రోజుకు అందిందట.

అన్న చందూలాల్


ఎర్రుపాలెం,
3-6-2006

అన్నా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వు వచ్చింది, మొదటిసారి రాలేదు.

తప్పు నాది కూడా. ‘రోడ్డు వ్యాకోచించును’ అని పుస్తకంలో ఉన్నట్టు రాస్తే నీకు భయం పుట్టదని ‘పేలుతుంది’ అని రాశాను. భయం నీకు పుట్టలేదు, పోలీసులకు పుట్టింది. అంతకు ముందు సందులని రాసి మేనమామను గేదె పాలు చేశాను. పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఒక మాట అవతలి మనిషికి ఎలా చేరుతుందో చూసుకోవడం నాకే రాలేదు.

ఒకటి అడగాలి. సందులు పూడ్చింది ఎవరో, ఎందుకో తండాకు చెప్పావా? ఎస్సైకి చెప్పడం సులువు. ఆయన మనకు ఓటెయ్యడు.

హైమ


రాళ్లవాగు తండా,
22-6-2006

హైమా,

చెప్పాను.

పోయిన వారం సోమవారం గ్రామసభ పెట్టాను. నన్ను దొంగ అంటారన్న భయంతో, తప్పని తెలిసి కూడా సందులు పూడిపించానని నిలబడి చెప్పాను. కమ్లి తల వంచుకుంది, కానీ లేచి పోలేదు. స్టేషన్ గదిలో దేవ్లా నాతో అన్న మాట నా నోటి దాకా వచ్చింది. గోరి ముందు వరసలో కూర్చుని ఉంది. మింగేశాను. అది చెప్పాల్సింది వాడు.

వాడు లేచాడు. చెబుతాడనుకున్నాను. "సర్పంచ్ నిజం ఒప్పుకున్నడు. ఇగ సందులు కోసే పని నాకియ్యుర్రి, నాకు పట్టాల పని ఎర్క" అన్నాడు. ఎప్పటి నుంచి ఎరుకో చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఒక్క యాడి మాత్రం వాణ్ణి కిందికీ పైకీ చూసి "నీకు ఎర్కయినప్పుడు నా మిరపకాయలు ఎందుకు ఆరబొయ్యనిచ్చినవ్ బిడ్డా?" అంది. మర్నాడు గోరి ఒక కుంచెడు మిరపకాయలు తెచ్చి మన అరుగు మీద పోసి పోయింది.

వారం రోజుల్లో లేచిన పలకలు తీసి కొత్తవి పోశాం. సందులు దేవ్లా కోశాడు, ఇసుక నేను పోశాను, తారు ఇద్దరం కాచాం. పని చక్కగా వచ్చింది. తొలి వాన కూడా పడింది.

నిన్న మండలం నుంచి కబురు వచ్చింది. మన రోడ్డు మీద కొత్త అర్జీ పడిందట. సందుల్లో సిమెంటు సర్పంచ్, దేవ్లా కలిసి పంచుకున్నారని, ఇందుకే ఇద్దరూ స్టేషన్‌లో రెండు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారని రాశారు. నేను వెళ్ళి నకలు తెచ్చి దేవ్లాకు చదివి వినిపించాను. కింద సంతకాలు ఎన్ని ఉన్నాయని అడిగాడు. లెక్కపెట్టి ముప్పై ఒకటి అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది.

"నా అర్జీకి ఏడే పడ్డయ్" అన్నాడు.

నీ అన్న,
చందూలాల్